వేట లేని నెలలో మారిన ఇల్లు

మా పేటలో బడి ఏడో తరగతితో ఆగిపోయేది. పిల్లలు కూడా అక్కడితోనే ఆగిపోయేవారు కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. మగపిల్లలు బోటెక్కేవారు, ఆడపిల్లలు రొయ్యలు వలిచే షెడ్డుకి పోయేవారు. ఇబ్బంది తెచ్చిపెట్టింది మా అప్ప. మా వైపు అక్కని అప్ప అంటాం. ఏడో తరగతి పరీక్షల్లో ఆవిడగారు తెచ్చుకున్న మార్కులు చూసి, బడి మాస్టారు ఎండనపడి మా ఇంటికే నడిచి వచ్చేశారు. ఆయన మా గుమ్మంలో అడుగుపెట్టటం అదే మొదలు. నేనేదో వెధవపని చేసి ఉంటానని అమ్మ ముందుగా నా చెవి మెలేసి, ఆ తర్వాత ఆయనకి మంచినీళ్లిచ్చింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. ఫిషింగ్ హార్బర్ వెనక సందులో రెండు గదుల ఇల్లు మాది. నాన్న మరబోటు మీద పనిచేసేవాడు. వేటకి వెళ్తే ఎన్నో రోజులకి గానీ ఒడ్డుకి వచ్చేవాడు కాదు. అమ్మ తెల్లవారకముందే హార్బర్‌కి వెళ్లి వేలంపాటలో చేపలు కొని, తట్టలో పెట్టుకుని వీధులు తిరిగి అమ్మేది. అంతకుముందు ఆ పని నాన్నమ్మది. మోకాళ్లు అరిగిపోయాక పనంతా కోడలికి అప్పగించి, ఇంట్లో కూర్చుని అందరి మీదా పెత్తనం చేసేది. అప్పకన్నా నేను రెండేళ్లు చిన్న. అప్పుడే అయిదో తరగతి గట్టెక్కాను. అదీ అప్ప నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, వీపు మీద రెండేసి చదివించబట్టి.

"ఈ పిల్లని ఆపకండమ్మా" అన్నారు మాస్టారు. "దగ్గర్లో ఉన్న హైస్కూల్లో లెక్కలకి మాస్టారే లేరు. గోపాలపట్నం వైపు ఒక సర్కారు హైస్కూలుంది. లెక్కలు చెప్పే మేడమ్ గట్టి మనిషి. అక్కడ పడిందంటే ఈ పిల్లకి తిరుగుండదు."

"గోపాలపట్నమా!" అంది అమ్మ, ఆయనేదో పరాయి దేశం పేరు చెప్పినట్టు.

నిజానికి మాకు అది పరాయి దేశమే. ఊరికి ఆ చివర, సముద్రం గాలి కూడా తగలని చోట. మా సందు నుంచి వెళ్లాలంటే బస్సు మారాలి. సాయంత్రం బడి వదిలాక ఆడపిల్ల ఆ బస్సుల్లో ఒంటరిగా వేలాడుతూ రావటానికి అమ్మ ఒప్పుకోదు. హాస్టలంటే నాన్న ఒప్పుకోడు. ఇక మిగిలింది ఇల్లు మార్చటమే. మా పేటలో కొడుకు పెళ్లయితే గోడ కట్టి వేరు పడ్డవాళ్లున్నారు గానీ, కూతురు ఎనిమిదో తరగతి చదవాలని ఇల్లు మారినవాళ్లు లేరు.

వాదన మొదలైంది. అది వేట ఆపేసే నెల. ఎండాకాలంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు వేట నిలిపేస్తుంది. బోట్లన్నీ హార్బర్‌లో వరసగా కట్టేసి ఉంటాయి. మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ, పేకాడుకుంటూ ఒడ్డునే ఉంటారు. వేలంపాట ఉండదు, ఆడవాళ్లకి తెల్లవారుజాము పరుగులుండవు. ఏడాదిలో మేం అయిదుగురం ఒకే పూట కూర్చుని అన్నం తినేది ఆ నెలలోనే. అందుకే ఏ మాటైనా ఆ నెలలోనే మాట్లాడుకునేవాళ్లం. పెళ్లిళ్లు, పంపకాలు, తగువులు అన్నీ అప్పుడే.

నాన్న మొదటి రోజే తేల్చేశాడు. "ఏ ఇంట్లో ఉంటే ఏటి? నాను ఉండీది బోటు మీదే గదా. ఒచ్చినప్పుడు ఇంత కూడెడితే సాలు."

"నీకేటి, బోటెక్కీసి ఎల్లిపోతావు" అంది అమ్మ. "పాటకాడ నా సోటు ఎవులు నిలబెడతారు?"

చోటు అంటే నిజంగానే నిలబడే చోటు. పెద్ద వ్యాపారులు బుట్టలకి బుట్టలు పాడుకున్నాక, మిగిలిన చిన్న కుప్పల్ని అమ్మలాంటి ఆడవాళ్లకి పాడతారు. ఏ బోటు దగ్గర ఏ మనిషి నిలబడాలో ఎవరూ చెప్పరు, కానీ అందరికీ తెలుసు. వేలం పాడే పాటగాడు ఆ మనిషి మొహం చూసే కుప్ప వేస్తాడు. రోజూ ఆ చోట్లో ఇంటి మనిషి ఎవరో ఒకరు నిలబడాలి. కొన్నాళ్లు ఎవరూ రాకపోతే పక్కనున్న మనిషి అటు జరుగుతుంది. అందులో పగ లేదు, మోసం లేదు. ఖాళీ అయింది కాబట్టి జరుగుతుంది. ఒకసారి జరిగాక మళ్లీ వెనక్కి జరగమని అడిగే నోరు ఎవరికీ ఉండదు. అమ్మ చోటు నాన్నమ్మ ఇచ్చింది. నాన్నమ్మకి వాళ్ల అత్తగారు ఇచ్చింది.

"నాను నిలబడతాను" అంది నాన్నమ్మ మంచం మీంచి. "నాకు కాళ్లు నేవేటి? ఆ సోటు నానిచ్చినదే గదే నీకు. మీరెల్లండి. నాను మాత్రం ఇక్కడినుంచి కదల్ను."

అమ్మ ఆవిడ మోకాళ్ల వంక చూసింది.

అప్ప మాత్రం ఏమీ అనేది కాదు. అదే నాకు ఒళ్లు మండించేది. నేనైతే నేల మీద పడి దొర్లి ఇల్లు పీకి పందిరేసేదాన్ని. అప్ప గిన్నెలు తోముతూ, నీళ్లు మోస్తూ, మాటలన్నీ వింటూ తిరిగేది. కుళాయి దగ్గర ఆడవాళ్లు, "ఏటే, కలెకట్రమ్మగోరు ఎప్పుడెల్తన్నారు?" అని ఆట పట్టిస్తే నవ్వేసేది. ఒక్క నాతో మాత్రం, చెవిలో చెప్పినంత నెమ్మదిగా, "ఎల్తామంటావేటే?" అని అడిగేది. ఎన్నిసార్లు అడిగిందో. నాకేం తెలుసు, "ఎల్తాం" అనేదాన్ని.

చివరికి ఒక పూట అమ్మ మా ఇద్దరినీ తీసుకుని గోపాలపట్నం వెళ్లింది, చూసి వద్దామని. బడికి సెలవులు. ఆఫీసు గది ఒక్కటే తెరిచి ఉంది. అటెండరు జాలిపడి మమ్మల్ని వరండాలోకి రానిచ్చాడు. తాళాలేసిన గదుల్లోకి అప్ప కిటికీ ఊచలు పట్టుకుని చూసింది. ఒక గదిలో గాజుసీసాలు, ఒక గదిలో అద్దాల బీరువానిండా పుస్తకాలు. నేనూ మునివేళ్ల మీద లేచి చూశాను. నాకు దుమ్ము తప్ప ఏమీ కనిపించలేదు. అప్ప మాత్రం ప్రతి కిటికీ దగ్గరా ఆగింది. అమ్మ వరండా చివర నిలబడి, గదుల వంక కాకుండా దాని వంకే చూస్తూ ఉండిపోయింది.

అక్కణ్ణుంచి బజారులోకి వచ్చాం. చేపలమ్మే చోట అమ్మ కాళ్లు వాటంతటవే ఆగాయి. ఒక తట్టలోంచి చేపనెత్తి, మొప్ప విప్పి చూసి, మొహం చిట్లించి అక్కడే పడేసింది.

"ఓలమ్మ, ఈటినేటి ఈళ్లు తింతన్నారు? కళ్లు సూడే, ఎలగ లోపలికెల్లిపోనాయో. నాను హార్బరు నుంచి తాజా సరుకు తెచ్చి దించితే ఈ రోడ్డురోడ్డంతా నా తట్ట సుట్టూ సేరిపోరూ?"

అప్ప చటుక్కున తలెత్తి చూసింది. అమ్మ ఆ మాటని బస్సులో మళ్లీ అంది, ఇంటికొచ్చి నాన్నతో అంది, నాన్నమ్మతో ఇంకోసారి అంది. అన్నకొద్దీ ఆ మాటకి బలం వచ్చింది. రాత్రి అన్నాల దగ్గర, "ఎల్దాం" అని తేల్చేసింది.

ఇన్నేళ్ల తర్వాత ఈ మాట రాస్తుంటే నాకు ఏడుపూ కోపమూ కలిసి వస్తున్నాయి. వేట లేని నెలలో ఏ బజారులోనైనా చేప అలాగే ఉంటుంది. ఎక్కడో పడమటి తీరం నుంచి ఐసులో మగ్గి లారీల్లో వచ్చిన సరుకది. మా పేటలో ఊసులాడే పసిపిల్లని అడిగినా చెబుతుంది. అమ్మకి తెలియదా? పుట్టింది మొదలు చేపల్లోనే బతికిన మనిషి. తెలుసు. కానీ ఆ పూట కిటికీ ఊచలు పట్టుకున్న కూతుర్ని చూసి వచ్చింది. ఒప్పుకోవటానికి ఏదో ఒక సాకు కావాలి, కుళ్లిన చేప సాకయింది. మరి నాన్న? ఆయనకీ తెలుసు. నాన్నమ్మకి అందరికన్నా బాగా తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. అందరికీ ఆ పిల్ల బడికి వెళ్లాలని ఉంది మరి.

నాన్నమ్మ అన్నట్టే పేటలోనే ఉండిపోయింది, మేం నలుగురం గోపాలపట్నంలో ఒక డాబా వెనక రేకుల గది తీసుకున్నాం. వేట మొదలయ్యేలోపు అందులో ఉన్న కొద్ది రోజులూ మా ఇంట్లో పెళ్లి కళే. నాన్న గోడలకి సున్నం వేశాడు. అప్పకి చదువుకునేందుకు కిటికీ పక్కన బల్ల చెక్క బిగించాడు. బడి తెరవకుండానే రోజూ పొద్దున్నే దాన్ని బడిదాకా నడిపించుకెళ్లి తీసుకొచ్చేవాడు, దారి అలవాటు కావాలని. అమ్మ ఇరుగుపొరుగు ఇళ్లన్నీ తిరిగి, "నెల తిరిగీసరికి మీ గుమ్మంలోకి తాజా సేప తెస్తాను" అని చెప్పి వచ్చింది. అంత సంతోషంగా ఉన్న అమ్మని నేను అంతకుముందు చూడలేదు. ఆ తర్వాతా చూడలేదు.

జూన్‌లో బోట్లు కదిలాయి. నాన్న వెళ్లిపోయాడు. చేపలు ఒడ్డుకి రావటం మొదలయ్యాక, అప్పటిదాకా మేం మాట్లాడుకోని సంగతులన్నీ ఒక్కటొక్కటే ఎదురొచ్చాయి. మొదటి బస్సెక్కి అమ్మ హార్బర్ చేరేసరికి పాట సగం అయిపోయేది. నాన్నమ్మ కర్ర పట్టుకుని చోట్లో నిలబడేది గానీ, ఆ గోలలో పాట పాడలేకపోయేది, కుప్ప మోయలేకపోయేది. అమ్మకి దక్కింది తట్టలో వేసుకుంటే బస్సులో ఎక్కనిచ్చేవారు కాదు. వాసనట. ఆటోవాళ్లని బతిమాలి గోపాలపట్నం వచ్చేసరికి ఎండెక్కిపోయేది. ఈలోగా అక్కడి బజారువాళ్లు అదే హార్బర్ నుంచి, అదే చేపని, అమ్మకన్నా ముందే వ్యాన్లలో తెచ్చి అమ్ముకుంటూ ఉండేవారు. తళతళలాడే చేప. అమ్మ వాళ్ల పక్కన కూర్చోబోతే, "ఇది మా సోటమ్మా" అనేవారు. ఆ మాటకి అమ్మ తట్టెత్తుకుని సందుల్లోకి నడిచేది. హార్బర్‌లో తనకి చోటెలాగో, ఇక్కడ వాళ్లకి చోటలాగే కదా.

అమ్ముడుపోని చేప మేమే తినేవాళ్లం. రోజూ పండగ భోజనమే. అమ్మ మాత్రం ముద్ద దిగక కంచం ముందు కూర్చునేది.

అటు అప్ప బడి మొదలైంది. అప్ప ఎనిమిది, నేను ఆరు, రెండు తరగతులూ ఎదురెదురు. లెక్కల మేడమ్ నిజంగానే గట్టి మనిషి. ఆవిడ ప్రశ్న అడిగితే తరగతంతా తలలు దించుకునేది. అప్ప మాత్రం లేచి నిలబడి, మా పేట మాట పలక్కుండా పదాలు కూడదీసుకుంటూ జవాబు చెప్పేది. సాయంత్రం బల్ల చెక్క ముందు కూర్చుంటే అన్నానికి పిలిచినా లేచేది కాదు. తనలో తను నవ్వుకునేది. మనిషి లెక్కలు చేస్తూ నవ్వటం నేను దాన్నొక్కదాన్నే చూశాను.

వానలు పడ్డాక ఒకరోజు నాన్నమ్మ హార్బర్‌లో తడి గచ్చు మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. నాన్న సముద్రం మీద ఉన్నాడు. పెద్దాసుపత్రిలో కొన్నాళ్లుంచి, మంచం దిగొద్దని ఇంటికి పంపేశారు. ఇప్పుడు పేటలో నాన్నమ్మ దగ్గర ఒక మనిషి కావాలి. పాట దగ్గర ఒక మనిషి కావాలి. గోపాలపట్నంలో మా దగ్గర ఒక మనిషి కావాలి. ఉన్నది అమ్మ ఒక్కర్తి.

"సామాన్లు కట్టండే" అంది అమ్మ. "ఎనక్కెల్లిపోదాం. మనకీ సదువులు రాసిపెట్టి నేవు."

అప్ప బల్ల దగ్గరే కూర్చుని ఉంది. వెనక్కి తిరక్కుండానే అంది. "ఇద్దరం ఎనక్కెల్తే ఇద్దరికీ నేదు. నాను నాన్నమ్మ కాడికెల్తానమ్మా. పొద్దున్నే పాటకాడ నిలబడి, నాన్నమ్మకి కూడెట్టి బడికొచ్చీగలను. నువ్వు సెల్లితో ఇక్కడుండు. నాన్నమ్మ లేచి కూసున్నదాకే గదా."

అమ్మ అప్ప బట్టలు మాత్రం తీసి సంచిలో పెట్టింది. మర్నాడు అప్ప బట్టల సంచి పట్టుకుని పేటకి వెళ్లిపోయింది. ఇల్లు మారింది దాని కోసం. ఆ ఇంట్లో అది ఒక వేసవి చివరా, ఒక వానాకాలం మొదలూ ఉంది, అంతే.

బడికి రానైతే వచ్చింది. పాట ముగించి, కుప్పని అమ్మ కోసం ఆటో ఎక్కించి, నాన్నమ్మ పనులు చూసి, బస్సులు పట్టుకుని వచ్చేసరికి మూడో పీరియడు నడుస్తూ ఉండేది. లెక్కల పీరియడు మొదటిది. తడి ఆరని పరికిణీతో వచ్చి చివరి బెంచీలో కూర్చునేది. పక్కనున్న పిల్లలు ముక్కు మూసుకుని జరిగేవారు. ఎదురు గదిలోంచి అది చూసి నేను ఇంటర్వెల్లో వెళ్లి ఒక పిల్ల జడ పట్టుకుని నేల మీదకి లాగాను. హెడ్మాస్టరు నన్ను ఎండలో నిలబెట్టారు. అప్ప వచ్చి నా పక్కన నిలబడింది. "ఎందుకే? ఆళ్లది తప్పు కాదు. నాను కంపు కొడతన్నాను" అంది. నేను భోరుమన్నాను. అది ఏడవలేదు.

తర్వాత రోజు విడిచి రోజు వచ్చింది. తర్వాత ఎప్పుడో ఒకసారి వచ్చింది. మానేసిన రోజు ఫలానా అని చెప్పటానికి కూడా లేదు. దసరా సెలవుల తర్వాత మరి రాలేదు.

నాన్నమ్మ లేచి కూర్చోలేదు. రెండేళ్లు మంచంలోనే ఉండి వెళ్లిపోయింది. ఇంక అప్ప వస్తుందని నేను ఆశపడ్డాను. అప్పటికి నేను ఎనిమిదిలోకి వచ్చాను. దిన కార్యం అయ్యాక దాని కొంగు పట్టుకుని, "రావే, మళ్లీ చేరవే" అని వేధించాను.

"నీ కలాసులో నీ పక్కన కూసోవాలేటే నాను?" అని నవ్వింది.

"కూర్చో. ఏమవుతుంది? కూర్చో" అన్నాను. నిజంగానే అన్నాను. అది నా నెత్తి మీద ఒక్కటిచ్చి హార్బర్‌కి వెళ్లిపోయింది. అప్పటికి పాట దగ్గర అమ్మ చోటు దాని చోటైపోయింది. పాటగాడు దాని మొహం చూసే కుప్ప వేస్తున్నాడు. అది పంపిన సరుకుని అమ్మ గోపాలపట్నం సందుల్లో తిరిగి అమ్మేది. ఆ అమ్మకాలతోనే నేను చదివాను.

పదో తరగతిలో నాకు మంచి మార్కులొచ్చాయి. బడి మొత్తానికి రెండోదాన్ని. లెక్కల మేడమ్ ఇంట్లోవాళ్లని తీసుకురమ్మన్నారు. నాన్న వేట మీద ఉన్నాడు. అమ్మా, అప్పా వచ్చారు. అప్ప తలంటుకుని, పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుని, జడలో మల్లెలు పెట్టుకుని వచ్చింది. వరండాలో నడుస్తూ ఏ గది వంకా తల తిప్పలేదు.

మేడమ్ నా వీపు తట్టారు. అమ్మతో, "పిల్లని కష్టపడి చదివించుకున్నారమ్మా, ఇక్కడితో ఆపకండి" అన్నారు. అమ్మ చేతులు జోడించింది. అప్పుడు మేడమ్ అప్ప వైపు తిరిగారు. గుర్తుపట్టలేదు. ఎలా పడతారు? ఎన్ని వందల మంది పిల్లలు వెళ్లి ఉంటారు ఆవిడ చేతుల మీదుగా.

"నువ్వు అక్కవా? నువ్వేం చదివావమ్మా?"

నేను నోరు తెరిచాను. ఇది మీ దగ్గరే కూర్చుంది మేడమ్, మీరు అడిగినవాటికి లేచి జవాబు చెప్పింది ఇదొక్కతే మేడమ్ అని అరవబోయాను. అప్ప నా చెయ్యి పట్టుకుని నలిపేసింది. ఒక్కసారి అమ్మ వంక చూసింది.

"నాకు సదువు అబ్బనేదండి" అంది.

"అయ్యో, పోనీలే. చెల్లినైనా చదివించారు" అన్నారు మేడమ్.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముగ్గురం బస్టాపుకి నడిచాం. అక్కడ నిలబడ్డాక అమ్మ అడిగింది. "ఎందుకే అలగ సెప్పినావు?"

"మరేటని సెప్పమంతావమ్మా?" అంది అప్ప.

హార్బర్ వైపు వెళ్లే బస్సు వచ్చింది. అప్ప ఎక్కింది.